ఆఫీసు ప్రాక్సీ వెనక నుంచి మీ కోడ్‌ను క్లౌడ్‌కు కలపడం ఎలా

"అన్నా, బ్రౌజర్‌లో ఏడబ్ల్యూఎస్ కన్సోల్ మంచిగనే ఓపెన్ అవుతుంది, నా పైథాన్ స్క్రిప్ట్ మాత్రం కాసేపు ఆగి టైమవుట్ అంటుంది. ఇంటికెళ్లి ఫోన్ హాట్‌స్పాట్ పెడితే అదే స్క్రిప్ట్ నడుస్తుంది. ఏం చేయాలి?"

ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంటుంది (ఏడబ్ల్యూఎస్ అంటే అమెజాన్ క్లౌడ్). నల్గొండ ఐటీ టవర్‌లో కొత్తగా చేరినవాళ్లు అడుగుతారు, మహబూబ్‌నగర్ దివిటిపల్లి నుంచి అడుగుతారు, పోలేపల్లి సెజ్‌లో ప్లాంట్ ఐటీ చూసుకునేవాళ్లు అడుగుతారు, మిర్యాలగూడ ఇంట్లో కూర్చుని వీపీఎన్‌లో పనిచేసేవాళ్లయితే ఇంకా ఎక్కువ. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు ఒకసారి పద్ధతిగా రాసేస్తున్నా.

ముందు ఒక్క సంగతి అర్థం చేసుకుంటే సగం టెన్షన్ పోతుంది. మీ బ్రౌజర్‌కు కంపెనీవాళ్లు రెండు విషయాలు ముందే చెప్పి పెట్టారు: బయటికి ఏ దారిన పోవాలి, ఎవరి సర్టిఫికెట్‌ను (అవతలి సైటు అసలైనదే అని చెప్పే డిజిటల్ గుర్తింపు పత్రాన్ని) నమ్మాలి. మీ కోడ్‌కు ఈ రెండూ ఎవరూ చెప్పలేదు. నల్గొండ నుంచి హైదరాబాద్ పోవాలంటే పంతంగి టోల్‌గేట్ దాటాల్సిందే కదా, ఇక్కడా అంతే, గేటు ఎక్కడుందో కోడ్‌కు చూపించాలి. ఆ గేటే ప్రాక్సీ, అంటే ఆఫీసు నుంచి ఇంటర్నెట్‌కు పోయే ట్రాఫిక్ దాటాల్సిన మధ్యవర్తి సర్వర్. దారి సమస్య వేరు, నమ్మకం సమస్య వేరు. ఈ రెండింటినీ కలిపేసి అన్ని సెట్టింగులూ ఒకేసారి కెలికేవాళ్లే రోజంతా పోగొట్టుకుంటారు.

ఇంకో మాట. కమాండ్లు, వేరియబుల్ పేర్లు ఇక్కడ తెలుగు లిపిలోనే రాశాను. మీరు టైప్ చేసేటప్పుడు వాటి మామూలు ఇంగ్లీషు స్పెల్లింగే వేయాలి.

ముందు చేతిలో ఉండాల్సినవి

- ప్రాక్సీ హోస్ట్ పేరు, పోర్ట్ నంబర్ (8080, 3128 ఎక్కువగా కనిపిస్తాయి, మీ ఆఫీసులో ఇంకోటి ఉండొచ్చు)
- ప్రాక్సీ లాగిన్ అడుగుతుందా లేదా, అడిగితే ఏ పద్ధతిలో అన్నది
- కంపెనీ రూట్ సర్టిఫికెట్ (కంపెనీ ఇచ్చే మిగతా సర్టిఫికెట్లకు మూలం), పెమ్ అనే టెక్స్ట్ ఫార్మాట్‌లో
- మీ కోడ్ మాట్లాడాల్సిన క్లౌడ్ అడ్రస్‌ల లిస్టు
- ఐటీ టీమ్‌లో మీ మాట వినే ఒక మనిషి

చివరిది జోక్‌గా రాయలేదు. ఆఫీసు ల్యాప్‌టాప్‌కు హాట్‌స్పాట్ తగిలించి పని కానిచ్చేద్దాం అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, దయచేసి అది చేయకండి. చాలా కంపెనీల్లో అది పాలసీ ఉల్లంఘన కిందికే వస్తుంది, పైగా ఆ స్క్రిప్ట్ రేపు ఆఫీసు సర్వర్ మీద నడవాలంటే మళ్లీ మొదటికొస్తుంది.

1. ప్రాక్సీ అడ్రస్ కనుక్కోండి

విండోస్‌లో సెట్టింగ్స్, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, ప్రాక్సీ. అక్కడ మాన్యువల్ ప్రాక్సీ కింద అడ్రస్, పోర్ట్ కనిపిస్తే అదృష్టం, రాసుకుని రెండో మెట్టుకు వెళ్లిపోండి.

సెటప్ స్క్రిప్ట్ దగ్గర ఒక లింకు, దాని చివర డాట్ ప్యాక్ అని ఉంటే ఆ లింకును బ్రౌజర్‌లో వేసి ఫైల్ దించుకుని నోట్‌ప్యాడ్‌లో తెరవండి. అది చిన్న జావాస్క్రిప్ట్ ఫైల్. ఏ సైటుకు ఏ ప్రాక్సీ వాడాలో అందులో రాసి ఉంటుంది. పెద్ద అక్షరాల్లో ప్రాక్సీ అని, పక్కన హోస్ట్, పోర్ట్ ఉన్న లైన్లు వెతకండి. రెండు మూడు ఉంటే మామూలుగా చివర్లో, ఏ షరతూ లేకుండా ఉన్న రిటర్న్ లైనే బయటి ఇంటర్నెట్‌కు దారి. చాలామంది ఆ ప్యాక్ లింకునే తెచ్చి ప్రాక్సీ అడ్రస్‌గా కోడ్‌లో పెడతారు. అది పనిచేయదు, ఎందుకంటే పైథాన్ రిక్వెస్ట్స్ లైబ్రరీ గానీ, కమాండ్ లైన్ నుంచి వెబ్ అడ్రస్‌లను పిలిచే కర్ల్ టూల్ గానీ ప్యాక్ ఫైల్‌ను చదవవు.

"నెట్‌ఎస్‌హెచ్ విన్‌హెచ్‌టీటీపీ షో ప్రాక్సీ" అనే కమాండ్ కొట్టి, డైరెక్ట్ యాక్సెస్ అని వచ్చింది కాబట్టి మా ఆఫీసులో ప్రాక్సీ లేదన్నా అని చెప్పేవాళ్లూ ఉన్నారు. అది విండోస్ సర్వీసులు వాడే వేరే సెట్టింగ్, బ్రౌజర్‌ది కాదు. దాన్ని చూసి నిర్ణయానికి రాకండి.

ఎక్కడ వెతికినా ప్రాక్సీ కనిపించకపోతే, టాస్క్‌బార్ మూలలో జీస్కేలర్ లాంటి ఏజెంట్ నడుస్తూ ఉండొచ్చు. అవి ల్యాప్‌టాప్ లోపలే ట్రాఫిక్ మొత్తాన్ని పట్టుకుని పంపిస్తాయి, కాబట్టి చాలాసార్లు మీరు ప్రాక్సీ అడ్రస్ ఇవ్వక్కర్లేదు. ఇంటి నుంచి పనిచేసేవాళ్లలో ఈ రకం ఎక్కువ. నేరుగా ఆరో మెట్టుకు వెళ్లండి, మీ సమస్య సర్టిఫికెట్ అయ్యే అవకాశమే ఎక్కువ.

2. కోడ్ పక్కన పెట్టి కర్ల్‌తో చూడండి

ఇది దాటవేసి ముందుకు పోకండి. కోడ్‌లో లైబ్రరీలు, వెర్షన్లు, క్రెడెన్షియల్స్ అన్నీ కలిసి ఉంటాయి, కర్ల్‌లో దారి ఒక్కటే ఉంటుంది.

కర్ల్ -వి -ఎక్స్ హెచ్‌టీటీపీ://ప్రాక్సీ.మీకంపెనీ.లోకల్:8080 హెచ్‌టీటీపీఎస్://ఎస్‌టీఎస్.ఏపీ-సౌత్-2.అమెజాన్‌ఏడబ్ల్యూఎస్.కామ్

విండోస్‌తో వచ్చే పాత పవర్‌షెల్ 5.1లో కర్ల్ అని కొడితే అసలు కర్ల్ నడవదు, ఇన్‌వోక్-వెబ్‌రిక్వెస్ట్‌కు పెట్టిన మారుపేరు అది. అందుకే కర్ల్ డాట్ ఈఎక్స్ఈ అని పూర్తిగా కొట్టండి.

ఇప్పుడు వచ్చిన అవుట్‌పుట్‌ను నిదానంగా చదవండి.

ప్రాక్సీ పేరే దొరకలేదు అంటే అడ్రస్ తప్పు, లేదా వీపీఎన్ కనెక్ట్ కాలేదు. 407 వస్తే ప్రాక్సీ మిమ్మల్ని లాగిన్ అడుగుతోంది, నాలుగో మెట్టు చూడండి. కనెక్ట్ దశలోనే 403 వస్తే గేటు దాకా వెళ్లారు కానీ ఆ సైటుకు అనుమతి లేదు, ఇది మీ కోడ్ తప్పు కాదు, ఐటీ టికెట్ పెట్టాలి. "200 కనెక్షన్ ఎస్టాబ్లిష్డ్" అని కనిపిస్తే దారి దొరికినట్టే. ఆ తర్వాత వచ్చే ఎర్రర్ ఏదైనా ప్రాక్సీ అడ్రస్‌కు సంబంధించింది కాదు, మళ్లీ వెనక్కి వెళ్లి దాన్ని మార్చకండి.

విండోస్‌లో రద్దైన సర్టిఫికెట్ల చెక్ కుదరలేదంటూ 0x80092012 అనే కోడ్‌తో ఆగిపోతే, ఈ టెస్ట్ వరకు --ఎస్‌ఎస్‌ఎల్-నో-రివోక్ కలిపి మళ్లీ కొట్టండి.

పింగ్, ఎన్‌ఎస్‌లుకప్‌తో టెస్ట్ చేయకండి. చాలా ఆఫీసు నెట్‌వర్కుల్లో బయటి పేర్లకు డీఎన్‌ఎస్ జవాబే ఉండదు, పేరు వెతికే పని ప్రాక్సీయే చేస్తుంది. ఎన్‌ఎస్‌లుకప్ ఫెయిలైనా కర్ల్ దర్జాగా పనిచేస్తుంది. "డీఎన్‌ఎస్ పోయింది" అని నెట్‌వర్క్ టీమ్‌తో గొడవపడేవాళ్లలో సగం మంది కేసు ఇదే.

3. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ పెట్టండి

ఇవి ప్రోగ్రామ్‌లు మొదలయ్యేటప్పుడు సిస్టమ్ నుంచి చదువుకునే సెట్టింగులు. దాదాపు అన్ని టూల్సూ చూసేవి మూడు: హెచ్‌టీటీపీ_ప్రాక్సీ, హెచ్‌టీటీపీఎస్_ప్రాక్సీ, నో_ప్రాక్సీ.

లైనక్స్, మ్యాక్‌లో:
ఎక్స్‌పోర్ట్ హెచ్‌టీటీపీఎస్_ప్రాక్సీ=హెచ్‌టీటీపీ://ప్రాక్సీ.మీకంపెనీ.లోకల్:8080

పవర్‌షెల్‌లో, ఆ విండో వరకు మాత్రమే:
$ఎన్వ్:హెచ్‌టీటీపీఎస్_ప్రాక్సీ = "హెచ్‌టీటీపీ://ప్రాక్సీ.మీకంపెనీ.లోకల్:8080"

వేరియబుల్ పేరులో హెచ్‌టీటీపీఎస్ ఉంది, విలువలో మాత్రం హెచ్‌టీటీపీ అనే ఉంది, గమనించారా? అది టైపింగ్ తప్పు కాదు. వేరియబుల్ పేరు మీరు ఎలాంటి సైటుకు వెళ్తున్నారో చెబుతుంది, విలువ ప్రాక్సీతో ఎలా మాట్లాడాలో చెబుతుంది. చాలా ఆఫీసు ప్రాక్సీలు మామూలు హెచ్‌టీటీపీలోనే మాట్లాడతాయి. ఇక్కడ ఎస్ తగిలిస్తే "రాంగ్ వెర్షన్ నంబర్" అనే అర్థంపర్థం లేని ఎస్‌ఎస్‌ఎల్ ఎర్రర్ వస్తుంది. ఆ మాట కనిపిస్తే ముందు ఇదే చూడండి.

లైనక్స్‌లో పెద్ద అక్షరాలతో ఒకసారి, చిన్న అక్షరాలతో ఒకసారి రెండూ పెట్టేయండి. కర్ల్ హెచ్‌టీటీపీ_ప్రాక్సీని చిన్న అక్షరాల్లో ఉంటేనే చదువుతుంది, మిగతావి ఎలా ఉన్నా చదువుతుంది. 2016లో బయటపడిన హెచ్‌టీటీపాక్సీ అనే భద్రతా లోపం తర్వాత ఇంకొన్ని టూల్స్ కూడా ఇలాంటి జాగ్రత్తే తీసుకున్నాయి. విండోస్‌లో అక్షరాల తేడా లేదు, ఒకసారి చాలు.

పెట్టాక కూడా పనిచేయలేదంటే ఇవి చూడండి. విండోస్‌లో శాశ్వతంగా ఉండేలా సెట్‌ఎక్స్ కమాండ్‌తో పెట్టిన విలువ కొత్తగా తెరిచిన విండోలకే వర్తిస్తుంది, ముందే తెరిచి ఉన్న వీఎస్ కోడ్‌కు, దాని లోపలి టెర్మినల్‌కు తెలియదు, మొత్తం మూసి తెరవాలి. లైనక్స్‌లో సుడోతో, అంటే అడ్మిన్ హక్కులతో, నడిపితే వేరియబుల్స్ రాలిపోతాయి, సుడో -ఈ వాడాలి. టైమ్ ప్రకారం నడిచే క్రాన్ జాబ్, వెనక నడిచే సిస్టమ్‌డీ సర్వీసు మీ టెర్మినల్ సెట్టింగులుండే బ్యాష్‌ఆర్‌సీ ఫైల్‌ను చదవవు, వాటి ఫైళ్లలోనే విడిగా రాయాలి. "నేను నడిపితే నడుస్తుంది, రాత్రి రెండింటికి జాబ్ ఫెయిల్ అవుతుంది" అనే ఫిర్యాదుకు ఎక్కువగా ఇదే కారణం.

4. లాగిన్ అడిగే ప్రాక్సీ అయితే

మామూలు యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ తీసుకునే రకమైతే అడ్రస్‌లోనే ఇలా ఇవ్వొచ్చు:

హెచ్‌టీటీపీ://యూజర్:పాస్‌వర్డ్@ప్రాక్సీ.మీకంపెనీ.లోకల్:8080

పాస్‌వర్డ్‌లో ప్రత్యేక గుర్తులు ఉంటే ఇక్కడే చిక్కు. @ ఉంటే %40, # ఉంటే %23, : ఉంటే %3ఏ, / ఉంటే %2ఎఫ్, % ఉంటే %25 అని రాయాలి. పాస్‌వర్డ్‌లో @ ను అలాగే వదిలేస్తే కొన్ని టూల్స్ దాని తర్వాతి ముక్కను హోస్ట్ పేరు అనుకుంటాయి, మీకేమో ప్రాక్సీ పేరు దొరకలేదు అని వస్తుంది, మీరు అడ్రస్‌ను పదిసార్లు సరిచూసుకుంటారు. విండోస్ బ్యాచ్ ఫైల్‌లో రాస్తుంటే % గుర్తును రెండుసార్లు వేయాలి, అంటే %%40.

ఈ లైన్‌ను కోడ్‌లో రాసి గిట్‌లోకి ఎక్కించకండి, డాకర్‌ఫైల్‌లో (కంటెయినర్ ఇమేజ్ తయారుచేసే ఫైల్) ఈఎన్‌వీగా పెట్టకండి. ఇమేజ్‌లో అది అలాగే మిగిలిపోతుంది, ఇమేజ్ ఉన్న ఎవరైనా చూడొచ్చు. అది మామూలుగా మీ డొమైన్ పాస్‌వర్డే, అంటే మీ మెయిల్ తాళం చెవి కూడా అదే.

యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ సరిగ్గా ఇచ్చినా 407 ఆగకపోతే, కర్ల్ అవుట్‌పుట్‌లో ప్రాక్సీ-ఆథెంటికేట్ అనే లైన్ చూడండి. ఎన్‌టీఎల్‌ఎమ్, నెగోషియేట్ (విండోస్ లాగిన్ పద్ధతులు) అని మాత్రమే ఉంటే చాలా ఎస్‌డీకేలకు, అంటే క్లౌడ్ కంపెనీలిచ్చే కోడ్ లైబ్రరీలకు, ఆ భాష రాదు. దీనికి నాకు నచ్చే దారి పీఎక్స్ అనే చిన్న టూల్. అది మీ మెషీన్‌లో 127.0.0.1:3128 దగ్గర కూర్చుని, విండోస్ లాగిన్‌నే వాడుకుని అసలు ప్రాక్సీతో మాట్లాడుతుంది, మీ కోడ్ పాస్‌వర్డ్ లేకుండా దానితో మాట్లాడితే చాలు. సీఎన్‌టీఎల్‌ఎమ్ కూడా ఇదే పని చేస్తుంది కానీ కాన్ఫిగ్ ఫైల్‌లో పాస్‌వర్డ్ హ్యాష్ ఉంచాలి, పాస్‌వర్డ్ మారినప్పుడల్లా మార్చాలి. రెండింటిలో ఏది వేసుకోవాలన్నా ముందు ఐటీవాళ్లకు ఒక మెయిల్ కొట్టండి.

సర్వర్ మీద నడిచే జాబ్‌కు మీ సొంత పాస్‌వర్డ్ ఎప్పుడూ వద్దు. సర్వీస్ అకౌంట్ అడగండి, లేదా ఆ సర్వర్ ఐపీకి లాగిన్ లేకుండా వదలమనండి.

5. నో_ప్రాక్సీ మర్చిపోకండి

ప్రాక్సీ పెట్టగానే క్లౌడ్ పనిచేసింది, లోపలి డేటాబేస్ ఏపీఐ ఆగిపోయింది అంటే ఇదే. లోపలి అడ్రస్‌లను ప్రాక్సీకి పంపొద్దని చెప్పాలి:

నో_ప్రాక్సీ=లోకల్‌హోస్ట్,127.0.0.1,169.254.169.254,.మీకంపెనీ.లోకల్

కామాల మధ్య ఖాళీ వదలకండి. 169.254.169.254 అనేది క్లౌడ్ మెషీన్ తన సొంత క్రెడెన్షియల్స్ తెచ్చుకునే మెటాడేటా అడ్రస్, ఈసీ2లో (ఏడబ్ల్యూఎస్ వర్చువల్ మెషీన్) గానీ అజూర్ వీఎమ్‌లో గానీ కోడ్ నడుపుతుంటే ఇది తప్పనిసరి. ఇది ప్రాక్సీకి పోతే "అనేబుల్ టు లొకేట్ క్రెడెన్షియల్స్" అని వస్తుంది, మీరు ఐఏఎమ్ రోల్స్ (ఏడబ్ల్యూఎస్ పర్మిషన్లు) చుట్టూ తిరుగుతారు.

స్టార్ గుర్తు, 10.0.0.0/8 లాంటి రేంజ్‌లు అన్ని టూల్స్‌కూ ఒకేలా అర్థం కావు. గో ప్రోగ్రామ్‌లు రేంజ్‌ను చదువుతాయి, కర్ల్ 7.86 వెర్షన్ నుంచే చదువుతుంది. అన్నిచోట్లా నడవాలంటే ముందు డాట్ పెట్టిన డొమైన్ పేరే నయం.

6. కంపెనీ సర్టిఫికెట్‌ను కోడ్‌కు పరిచయం చేయండి

అడిగేవాళ్లలో ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే. "సర్టిఫికెట్ వెరిఫై ఫెయిల్డ్: అనేబుల్ టు గెట్ లోకల్ ఇష్యూయర్ సర్టిఫికెట్" అని వచ్చిందంటే దారి బాగానే ఉంది. మీ ఆఫీసు ప్రాక్సీ మధ్యలో కనెక్షన్ విప్పి చూసి, కంపెనీ సొంత సర్టిఫికెట్‌తో మళ్లీ మూసి పంపుతోంది. విండోస్ ఆ సర్టిఫికెట్‌ను నమ్ముతుంది, అందుకే బ్రౌజర్ నమ్ముతుంది, విండోస్ కర్ల్ కూడా నమ్ముతుంది. పైథాన్ రిక్వెస్ట్స్ మాత్రం సర్టిఫై అనే ప్యాకేజీలో తెచ్చుకున్న సొంత లిస్టునే చూస్తుంది, మీ కంపెనీ పేరు అందులో ఉండదు.

అనుమానం ఉంటే బ్రౌజర్‌లో ఏదైనా క్లౌడ్ సైటు తెరిచి అడ్రస్ పక్కనున్న గుర్తు మీద నొక్కి సర్టిఫికెట్ చూడండి. ఇష్యూడ్ బై దగ్గర అమెజాన్, డిజిసర్ట్ లాంటివి కాకుండా మీ కంపెనీ పేరో, సెక్యూరిటీ ప్రొడక్ట్ పేరో ఉంటే సంగతి తేలిపోయినట్టే.

ఇక్కడ నెట్‌లో దొరికే సలహా ఒకటుంది: వెరిఫై=ఫాల్స్ అని పెట్టేయమని. పెట్టకండి. ఎర్రర్ పోతుంది, దానితోపాటు అవతల ఎవరున్నారో చూసుకునే పని కూడా పోతుంది, మీ క్లౌడ్ టోకెన్లు మధ్యలో ఎవరు కూర్చున్నా చదువుకోవచ్చు. "టెస్టింగ్ కోసమే" అని రాసిన ఆ లైన్ ప్రొడక్షన్ దాకా వెళ్లడం చాలాసార్లు చూశాను.

చేయాల్సింది ఇది. సెర్ట్‌ఎమ్‌జీఆర్ డాట్ ఎమ్‌ఎస్‌సీ తెరిచి, ట్రస్టెడ్ రూట్ సర్టిఫికేషన్ అథారిటీస్‌లో కంపెనీ రూట్‌ను పట్టుకుని, బేస్-64 ఎన్‌కోడెడ్ అనే ఆప్షన్‌తో ఎక్స్‌పోర్ట్ చేయండి. ఫైల్‌ను నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే మొదటి లైన్‌లో బిగిన్ సర్టిఫికెట్ అని కనిపించాలి. పిచ్చి గుర్తులు కనిపిస్తే మీరు డెర్ ఫార్మాట్ ఎంచుకున్నారు, మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేయండి. సైటు సొంత సర్టిఫికెట్‌ను కాకుండా పైన ఉన్న రూట్‌నే తీసుకోవాలి.

తర్వాత సర్టిఫై లిస్టుకు దీన్ని కలపాలి. పైథాన్ -ఎమ్ సర్టిఫై అని కొడితే ఆ లిస్టు, అంటే సీఏసర్ట్.పెమ్ ఫైల్, ఎక్కడుందో చెబుతుంది. సీఎమ్‌డీ విండోలో:

కాపీ /బి సీఏసర్ట్.పెమ్+కంపెనీ.పెమ్ కలిపినది.పెమ్

పవర్‌షెల్ 5.1లో > గుర్తుతో కలపకండి, అది ఫైల్‌ను యూటీఎఫ్-16లో రాస్తుంది. కంటికి బాగానే కనిపిస్తుంది, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ మాత్రం చదవలేదు.

ఇక ఆ ఫైల్ దారిని ఎవరికి ఏ పేరుతో చెప్పాలంటే: పైథాన్ రిక్వెస్ట్స్‌కు, అజూర్ సీఎల్‌ఐకి (కమాండ్ లైన్ టూల్) రిక్వెస్ట్స్_సీఏ_బండిల్. ఏడబ్ల్యూఎస్ సీఎల్‌ఐకి, దాని పైథాన్ లైబ్రరీ బోటో3కి ఏడబ్ల్యూఎస్_సీఏ_బండిల్. గూగుల్ క్లౌడ్ కమాండ్ టూల్ జీక్లౌడ్‌కు దాని కాన్ఫిగ్‌లో కోర్/కస్టమ్_సీఏ_సర్ట్స్_ఫైల్. నోడ్‌కు నోడ్_ఎక్స్‌ట్రా_సీఏ_సర్ట్స్. పిప్‌కు --సర్ట్. గిట్‌కు హెచ్‌టీటీపీ.ఎస్‌ఎస్‌ఎల్‌సీఏఇన్ఫో, లేదా విండోస్‌లో ఎస్‌ఎస్‌ఎల్‌బ్యాకెండ్‌ను ఎస్‌చానెల్‌గా పెడితే విండోస్ లిస్టునే వాడుకుంటుంది.

నోడ్ వేరియబుల్ తన లిస్టుకు కొత్త సర్టిఫికెట్‌ను కలుపుకుంటుంది. రిక్వెస్ట్స్_సీఏ_బండిల్ మాత్రం పాత లిస్టును తీసేసి మీదే పెడుతుంది. అందుకే రెండూ కలిపిన ఫైల్ చేయమన్నాను. కంపెనీ రూట్ ఒక్కటే ఇస్తే, ప్రాక్సీ విప్పకుండా వదిలేసే కొన్ని సైట్లు ఫెయిల్ అవుతాయి, కొన్ని పనిచేస్తాయి, మీకు పిచ్చెక్కుతుంది.

పైథాన్ 3.10 పైన ఉన్నవాళ్లకు ఇంకో సుఖమైన దారి ఉంది. ట్రస్ట్‌స్టోర్ ప్యాకేజీ వేసుకుని, ప్రోగ్రామ్ మొదట్లోనే ట్రస్ట్‌స్టోర్.ఇంజెక్ట్_ఇంటు_ఎస్‌ఎస్‌ఎల్() అని పిలిస్తే రిక్వెస్ట్స్ నేరుగా విండోస్ లిస్టునే చూస్తుంది. పిప్ 24.2 నుంచి తనంతట తానే ఇలా చేస్తుంది, కాబట్టి పిప్ ఒక్కటే మొరాయిస్తుంటే ముందు దాని వెర్షన్ చూడండి.

పైథాన్ 3.12లో నడిచింది, 3.13కు మారగానే బేసిక్ కన్‌స్ట్రెయింట్స్ క్రిటికల్ కాదంటూ ఆగిందా? 3.13 డిఫాల్ట్‌గా సర్టిఫికెట్లను గట్టిగా చెక్ చేస్తుంది. తప్పు కంపెనీ రూట్ తయారీలో ఉంది, ఐటీవాళ్లకు చెప్పండి.

లైనక్స్ సర్వర్ అయితే, ఉబుంటులో ఫైల్‌ను /యూఎస్‌ఆర్/లోకల్/షేర్/సీఏ-సర్టిఫికెట్స్ ఫోల్డర్‌లో పెట్టి అప్‌డేట్-సీఏ-సర్టిఫికెట్స్ నడపాలి. ఫైల్ పేరు చివర డాట్ సీఆర్‌టీ ఉండాలి. డాట్ పెమ్ అని వదిలేస్తే దాన్ని పట్టించుకోకుండా "0 యాడెడ్" అని వెళ్లిపోతుంది.

7. ఎదురుతిరిగే టూల్స్

జావా ఈ వేరియబుల్స్‌ను తనంతట తాను చదవదు. -డీహెచ్‌టీటీపీఎస్.ప్రాక్సీహోస్ట్, -డీహెచ్‌టీటీపీఎస్.ప్రాక్సీపోర్ట్ అని ఇవ్వాలి. వదిలేయాల్సిన అడ్రస్‌లకు హెచ్‌టీటీపీ.నాన్‌ప్రాక్సీహోస్ట్స్, అది హెచ్‌టీటీపీఎస్‌కు కూడా పనిచేస్తుంది, మధ్యలో కామా కాదు నిలువు గీత. సర్టిఫికెట్‌ను కీటూల్‌తో సీఏసర్ట్స్‌లోకి ఎక్కించాలి, దాని డిఫాల్ట్ పాస్‌వర్డ్ ఛేంజ్‌ఇట్. జేడీకే 8 అప్‌డేట్ 111 నుంచి హెచ్‌టీటీపీఎస్ టన్నెల్‌కు బేసిక్ లాగిన్ ఆపేశారు, అందుకే పాస్‌వర్డ్ సరైనదే ఇచ్చినా 407 వస్తుంది. జేడీకే.హెచ్‌టీటీపీ.ఆథ్.టన్నెలింగ్.డిజేబుల్డ్‌స్కీమ్స్‌ను ఖాళీగా పెడితే తెరుచుకుంటుంది.

నోడ్‌లో ఫెచ్ చాలాకాలం ప్రాక్సీ వేరియబుల్స్‌ను పట్టించుకోలేదు. నోడ్ 24లో నోడ్_యూజ్_ఎన్వ్_ప్రాక్సీ=1 అని పెడితే చదువుతుంది. పాత వెర్షన్ అయితే ప్రాక్సీ ఏజెంట్ ప్యాకేజీ తెచ్చి క్లయింట్‌కు చేత్తో ఇవ్వాల్సిందే, ఏడబ్ల్యూఎస్ జావాస్క్రిప్ట్ ఎస్‌డీకే మూడో వెర్షన్‌కు కూడా అంతే.

డాకర్‌లో ఇమేజ్ లాగేది డీమన్, అంటే వెనక నడిచే డాకర్ సర్వీసు, దానికి సిస్టమ్‌డీ ఫైల్‌లో ప్రాక్సీ పెట్టాలి. బిల్డ్‌కు, కంటెయినర్‌కు మీ హోమ్ ఫోల్డర్‌లోని డాట్ డాకర్ కింద కాన్ఫిగ్ ఫైల్‌లో ప్రాక్సీస్ అనే భాగం. పీఎక్స్ వాడుతుంటే కంటెయినర్ లోపల 127.0.0.1 అంటే కంటెయినరే, మీ ల్యాప్‌టాప్ కాదు. డాకర్ డెస్క్‌టాప్‌లో హోస్ట్.డాకర్.ఇంటర్నల్ వాడండి, పీఎక్స్‌కు కూడా బయటి నుంచి కనెక్షన్లు తీసుకోమని చెప్పాలి. సర్టిఫికెట్ కూడా కంటెయినర్ లోపలికి విడిగా కాపీ కావాలి.

గూగుల్ పబ్‌సబ్ (మెసేజ్‌లు పంపే సర్వీసు) లాంటివి జీఆర్‌పీసీ అనే హెచ్‌టీటీపీ/2 కనెక్షన్ మీద నడుస్తాయి. స్టోరేజ్ పనిచేసి పబ్‌సబ్ ఒక్కటే వేలాడుతుంటే, జీఆర్‌పీసీకి సర్టిఫికెట్ దారి విడిగా జీఆర్‌పీసీ_డిఫాల్ట్_ఎస్‌ఎస్‌ఎల్_రూట్స్_ఫైల్_పాత్‌లో ఇచ్చి చూడండి. అయినా వేలాడితే ప్రాక్సీ హెచ్‌టీటీపీ/2ను సరిగా మోయడం లేదేమో, ఆ అడ్రస్‌లను విప్పి చూడొద్దని నెట్‌వర్క్ టీమ్‌ను అడగాలి.

8. పనిచేసిందో లేదో చెక్ చేయండి

మొదటి చెక్‌గా పెద్ద ఫైల్ అప్‌లోడ్ పెట్టకండి, నేనెవరు అనో, నా దగ్గర ఏమున్నాయి అనో అడిగే చిన్న కాల్ చాలు. ఏడబ్ల్యూఎస్‌లో ఏడబ్ల్యూఎస్ ఎస్‌టీఎస్ గెట్-కాలర్-ఐడెంటిటీ, అజూర్‌లో ఏజెడ్ గ్రూప్ లిస్ట్, గూగుల్‌లో జీక్లౌడ్ ప్రాజెక్ట్స్ లిస్ట్. అజూర్‌లో ఏజెడ్ అకౌంట్ షో మాత్రం వాడకండి, అది మెషీన్‌లో దాచుకున్న వివరాలే చూపిస్తుంది, నెట్ లేకపోయినా జవాబిస్తుంది.

అది పాసయ్యాక మీ అసలు సర్వీసును పిలవండి. ఇక్కడ 403 వస్తే అది ఎవరిచ్చారో చూడాలి. జవాబులో ఎక్స్‌ఎమ్‌ఎల్ గానీ జేసన్ గానీ, రిక్వెస్ట్ ఐడీ గానీ ఉంటే క్లౌడ్ ఇచ్చింది, మీ పర్మిషన్లు చూసుకోండి. కంపెనీ లోగోతో హెచ్‌టీఎమ్‌ఎల్ పేజీ వస్తే ప్రాక్సీ ఆపింది.

హైదరాబాద్ రీజియన్, అంటే ఏపీ-సౌత్-2, వాడేవాళ్లకు రెండు మాటలు. అది 2022 నవంబర్‌లో మొదలైంది, అకౌంట్‌లో ముందుగా ఎనేబుల్ చేసుకుంటేనే పనిచేస్తుంది. చేయకపోతే వచ్చే టోకెన్ ఎర్రర్ చూసి ప్రాక్సీని తిట్టకండి. ఐటీవాళ్లు పాత ముంబై అడ్రస్‌లకే అనుమతిచ్చి ఉంటే హైదరాబాద్ అడ్రస్‌లు ఆగిపోతాయి. ఏడబ్ల్యూఎస్ ఫైల్ స్టోరేజ్ ఎస్3లో బకెట్ (ఫైళ్లుంచే డబ్బా) పేరు అడ్రస్ ముందు వచ్చి చేరుతుంది కాబట్టి ఒక్క పేరుకు అనుమతి సరిపోదు, ఆ రీజియన్ కింద అన్నిటికీ ఇవ్వాలి.

"రిక్వెస్ట్ టైమ్ టూ స్క్యూడ్" వస్తే ప్రాక్సీ జోలికి పోకండి, మెషీన్ గడియారం తప్పు. ఎస్3 పదిహేను నిమిషాల తేడాకు మించి ఒప్పుకోదు. ప్లాంట్లలో ఇంటర్నెట్ టైమ్ సర్వర్‌కు దారి లేని మెషీన్లలో ఇది మామూలే, లోపలి టైమ్ సర్వర్‌కు కలపమనండి.

ఐటీ టికెట్‌లో ఏం రాయాలి

"నెట్ పనిచేయడం లేదు" అని రాస్తే మీ టికెట్ వరుసలో కింద పడుతుంది. ఏ మెషీన్ నుంచి, ఏ హోస్ట్‌కు, పోర్ట్ 443, ఎన్ని గంటలకు, ఏ కోడ్ వచ్చింది, ఇంతే రాయండి. లాగ్‌లో వాళ్లు వెతికేది ఈ టైమ్‌నే. హోస్ట్‌ల లిస్టులో లాగిన్ అడ్రస్‌లు మర్చిపోకండి: అజూర్‌కు లాగిన్.మైక్రోసాఫ్ట్‌ఆన్‌లైన్.కామ్, మేనేజ్‌మెంట్.అజూర్.కామ్, బ్లాబ్ స్టోరేజ్ వాడితే బ్లాబ్.కోర్.విండోస్.నెట్ కింద అన్నీ, గూగుల్‌కు ఓఆత్2.గూగుల్‌ఏపీఐస్.కామ్, స్టోరేజ్.గూగుల్‌ఏపీఐస్.కామ్. బ్లాక్ పేజీలో క్యాటగిరీ పేరో, రెఫరెన్స్ నంబరో ఉంటే అదీ కాపీ చేయండి.

కర్ల్ అవుట్‌పుట్ జత చేసే ముందు ఒకసారి చదవండి. ప్రాక్సీ-ఆథరైజేషన్: బేసిక్ అని ఒక లైన్ కనిపిస్తే తీసేయండి. ఆ తర్వాత ఉన్న అక్షరాల గుంపు ఎన్‌క్రిప్షన్ కాదు, బేస్64 మాత్రమే. దాన్ని విప్పితే మీ పాస్‌వర్డ్ ఉన్నదున్నట్టు బయటికొస్తుంది.